ముందు చక్రం మర్యాద

ఇబ్రహీంపట్నం,
జూలై 7

జయపాల్ అన్నకు,

నువ్వు ఇంజనెక్కితే ఫోన్ బంద్ పెడతావు, దిగితే పడుకుంటావు. గూడ్స్ బండి నడిపేవాడితో ఫోన్‌లో మాట్లాడటం మా వల్ల కాదు. పైగా ఇది ఫోన్‌లో చెప్పే ముచ్చట కాదు. వాట్సాప్‌లో పెడితే మన పట్నం రైడర్స్ సైకిల్ గుంపులో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అందుకే కరెంటాఫీసులో కూర్చుని, బిల్లులు కట్టేవాళ్లు రాని వేళ చూసి కాగితం మీద రాస్తున్నాను. నవ్వకు.

నీ తోడబుట్టిన మరియక్క సంగతి. ఆమెకు ఎడమవైపు సరిగా కనిపించడం లేదని నా అనుమానం.

ఆదివారం రైడ్‌లో ఇప్పటికీ అక్కే ముందు. నువ్వు బల్లార్షా పోతూ నాకు అప్పగించిన రెండో స్థానంలో నేను. మొదటిరోజు నువ్వు ఏం చెప్పావో గుర్తుందా? "నువ్వు రోడ్డు సూడకు. అక్క ఎనక చక్రం సూడు, అక్క చెయ్యి సూడు. రోడ్డు ఆమె సూస్తది." అలాగే నేర్చుకున్నాను. ఆమె వేలు కిందికి చూపిస్తే గుంత, అరచెయ్యి ఊపితే కంకర, చెయ్యి వీపు వెనక్కి తిప్పితే పక్కన ఆగిన బండి. నేను చూసి నా వెనకవాళ్లకు చూపిస్తాను, వాళ్లు వాళ్ల వెనకవాళ్లకు. ఆమె చెయ్యి కదలకపోతే మా అందరికీ రోడ్డు బాగున్నట్టే.

నిన్న యాచారం పోయే దారిలో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి రోడ్డుకు ఎడమవైపు ఇసుక పోశారు. గుట్టంత ఇసుక. అక్క చెయ్యి కదలలేదు. ఆమె చక్రమే ఆ ఇసుకను రాసుకుంటూ పోయింది. నేను "ఎడమ! ఇసుక!" అని అరిచాను. ఆమె వెనక్కి తిరగకుండానే "గంతగనం ఒర్రుడెందుకే? నాకు కనవడ్తలేదా?" అంది.

ఇది మొదటిసారి కాదు. కుడివైపు చింతగింజంత రాయి ఉన్నా చూపిస్తుంది. ఎడమవైపు బావి ఉన్నా చూపించదు. వానలకు ముందు నుంచి గమనిస్తున్నాను.

ముందున్నవాళ్లను దిగమనే హక్కు వెనకవాళ్లకు లేదని నాకు తెలుసు. ఆమె మోచెయ్యి ఆడించి పిలిస్తే తప్ప ముందుకు పోకూడదు. ఆ అక్షయ్ పిలవకుండానే ముందుకు ఉరికినప్పుడు ఏం చేశారో మరిచిపోయావా? మీరందరూ మెల్లగా వేగం తగ్గించారు. పాపం, వెనక అందరూ ఉన్నారనుకుని యాచారం దాకా ఒక్కడే తొక్కాడు. ఎందుకలా చేశారో ఒక్కరూ చెప్పలేదు. అతను మళ్లీ రాలేదు.

నవంబర్ మొదటి ఆదివారం సాగర్ రైడ్ ఉంది. ఈసారి కాలేజీ పిల్లలు కొత్తగా చేరుతున్నారు. వాళ్లకు అంత దూరం ఇదే మొదటిసారి. ఆ రోడ్డు మీద టిప్పర్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ముందు అక్క ఉంటుంది. ఆమె చెయ్యి చూస్తూ వీళ్లందరూ ఉంటారు. ఎవరైనా చస్తారేమోనని నాకు భయంగా ఉంది అన్నా.

ఆమె వినేది నీ ఒక్కడి మాటే. కళ్లు చూపించుకోమని నువ్వు చెప్పు.

నీ చెల్లె,
నర్మద


బల్లార్షా,
జూలై 19

చెల్లె నర్మదకు,

ఉత్తరం అందింది. కరెంటాఫీసులో పని ఎంత జోరుగా నడుస్తుందో దాని పొడుగు చూస్తే తెలిసింది.

అక్కకు యాభై దాటాయి. ఆ వయసుకు సూదిలో దారం ఎక్కదు. బడిలో ఆ పిల్లలతో ఆటలాడించి ఎండలో తిరిగే మనిషి, ఒకరోజు అలసట ఉంటుంది, ఒకరోజు ధ్యాస ఉండదు. దానికి దవాఖాన దాకా ఎందుకు? నేను ఆమె వెనక ఏళ్ల తరబడి తొక్కాను. ఒక్కసారీ పడలేదు. పట్నంలో ఆడవాళ్లు సైకిలెక్కితే వింతగా చూసిన రోజుల్లో ఆమె ముందుండి ఈ గుంపును నిలబెట్టింది. ఆ ముందు స్థానం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ తీసుకోకూడదు.

రెండో స్థానంలో ఉన్నవాళ్ల పని ముందున్నవాళ్లను పరీక్షించడం కాదు, కాపాడటం. ఎడమవైపు గుంత నీకు కనిపిస్తే నువ్వే అరిచి చెప్పు. ఆమె మర్యాద నిలబడుతుంది, మీరూ పడరు.

కంటి డాక్టరు మాట మాత్రం ఆమె దగ్గర ఎత్తకు. ఇది నా మాటగా తీసుకో. ఒకసారి వాళ్ల చేతిలో పడితే ఊరుకోరు, ఇంటిల్లిపాదినీ పిలిచి వరసగా కూర్చోబెట్టి కళ్లలో చుక్కలు పోస్తారు.

ఇక్కడ బొగ్గు బండ్లు ఎక్కువయ్యాయి. పండగకు రాలేను. మా అమ్మను అప్పుడప్పుడు చూసి రా.

జయపాల్


ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 18

జయపాల్ అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక కన్ను అక్క చక్రం మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి తొక్కుతున్నాను. మెడ పట్టేసింది. అయినా అరిచాను.

తమాషా ఏమిటంటే, నా వెనక ఐలేష్ కూడా అరుస్తున్నాడు. అతని వెనక మంజుల కూడా. యాచారంలో చాయ్ తాగేటప్పుడు ఐలేష్ నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నీకు గూడ ఎరుకేనా? నా ఒక్కనికే అనుకున్న" అన్నాడు. అందరికీ తెలుసు అన్నా. ఎవరికి వారు తమకొక్కరికే తెలుసనుకుని, ఆమెకు తెలియకుండా కాపాడుతున్నారు. గుంతలు చూపించుకుంటూ తోక ముందు నడుస్తుంటే తల వెనక పోతోంది. ఆ రోజు బాగా నవ్వుకున్నాం.

నిన్న ఆ నవ్వు పోయింది.

తిరిగి వస్తుంటే ఎడమ సందులోంచి పాల క్యాన్లు కట్టుకున్న బండి ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. అక్క వేగం తగ్గించలేదు. "అక్కా, పాలబండి!" అని నేను గొంతు చించుకునేసరికి ఒక్కసారిగా బ్రేకు వేసింది. నేను ఎలాగో తప్పించాను. మంజుల పోయి ఐలేష్‌ను గుద్దుకుని తారు మీద పడింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. భుజం దగ్గర ఎముక విరిగింది. కుట్లు పడ్డాయి.

అక్కే చున్నీతో చెయ్యి కట్టి, ఆటో ఆపి, దవాఖానకు పంపింది. తర్వాత మా అందరినీ నిలబెట్టి, "ఎనక ఉన్నోళ్లు జర జాగ్రత్తగుండాలె. ముందటోళ్ల మీద వడెటట్టు దగ్గరికెందుకొస్తరు?" అంది. అందరం తలలూపి సైకిళ్లెక్కాం. అంతకుముందు ఆటో ఎక్కుతూ మంజుల ఏమందో తెలుసా? "తప్పు నాదే అక్క" అంది. ముందున్న మనిషిని రోడ్డు మీద నిలదీయకూడదు కదా. ఎముక విరిగినా సరే.

పాలాయన మాత్రం మనవాడు కాదు కాబట్టి నాతో చెప్పాడు. "నేను ఆగి హారన్ గొట్టిన్నమ్మా. ఆమె ఇటే మొఖం వెట్టింది. సూసుకుంట సూసుకుంటనే మీదికొచ్చింది."

సాయంత్రం మీ ఇంటికి పోయాను. శంకరమ్మ పెద్దమ్మను మీ బాపు గురించి అడిగాను. ఎల్లయ్య పెదబాపు ఆఖరి రోజుల్లో చూపు లేక మంచం పట్టాడని తెలుసు కానీ ఎందుకో నాకు ఎప్పుడూ తెలియదు. పెద్దమ్మ చెప్పింది: "నీటికాసులు బిడ్డా. నొయ్యలే, ఎర్రగ గాలే. పక్కలకెళ్లి చీకటి కమ్ముకుంట కమ్ముకుంట వచ్చింది. ఆఖరికి ముందటున్న బువ్వ గిన్నె గూడ తడుముకుండె. గది రక్తంల వస్తదట, పిల్లల కండ్లు సూపియ్యమన్నరు. జయపాల్‌కు చెప్తె, 'రైలోళ్లు సూస్తనే ఉంటరు తియ్యమ్మా' అన్నడు."

అన్నా, నీకిది ముందే తెలుసు. మరి అక్కను డాక్టరు దగ్గరికి పంపొద్దని ఎందుకన్నావు?

నర్మద


బల్లార్షా,
సెప్టెంబర్ 2

నర్మదా,

మా అమ్మను అడగమని నీకెవరు చెప్పారు? సైకిళ్ల ముచ్చట సైకిళ్ల దగ్గరే ఆపాల్సింది. మా ఇంట్లోకి వచ్చి, చనిపోయిన మనిషి మంచం కిందంతా వెతికావు.

మంజులకు దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది. గుంపులో తొక్కేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పడతారు. ఆమె మర్యాద తెలిసిన మనిషి కాబట్టి తప్పు నాదే అంది. నువ్వు ఆమెను చూసి నేర్చుకో.

నా కళ్ల గురించి నీకు అక్కర్లేదు. రైల్వే డాక్టర్లు గోడ మీద పెట్టిన అక్షరాలన్నీ చదివాను, ఆఖరి వరసతో సహా. ఎదురుగా ఉన్న సిగ్నల్ ఎంత దూరంలో ఉన్నా చెబుతాను. ఇంజన్‌లో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనిపించగానే ఇద్దరమూ దాని రంగు పైకి అనాలి, అది మా పద్ధతి. నా అసిస్టెంట్ ఫణి అని కాకినాడవాడు, చురుకైనవాడు. ఈ మధ్య వంపుల దగ్గర పక్కనుంచి వచ్చే సిగ్నళ్లు నాకంటే ముందే అరుస్తున్నాడు. నేను వెంటనే అందుకుంటాను. రెండో మనిషి అంటే అలా ఉండాలి. ఇలా ఉత్తరాలు రాయడు.

సాగర్ రైడ్ రోజు అక్క పిలవకుండా నువ్వు ఆమెను దాటావని నాకు తెలిస్తే, ఆ రోజు నుంచి నన్ను అన్నా అని పిలవకు.

జయపాల్


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్ 21

అన్నా,

పిలవకు అన్నావు, అందుకే ముందు అదే రాశాను.

నీ ఉత్తరం ఆఫీసులో ఒకసారి చదివి కోపంతో టేబుల్ సొరుగులో పడేశాను. ఇంటికి తీసుకుపోయి మళ్లీ చదివాను. ఈసారి ఫణి దగ్గర ఆగిపోయాను.

ఫణి చురుకైనవాడు కాదు అన్నా. ఫణి నాలాంటివాడు. నేను "ఎడమ, గుంత" అని అరిచాక అక్క ఏం చేస్తుందో తెలుసా? అప్పుడు వేలు కిందికి చూపిస్తుంది, తానే ముందు చూసినట్టు. ఫణి అరిచాక నువ్వు అందుకుంటున్నానని రాశావు. ఎప్పటినుంచి అందుకుంటున్నావు? గోడ మీది అక్షరాలు ఎదురుగా ఉంటాయి. మీ బాపుకు కూడా చాలాకాలం ఎదురుగా కనిపించింది.

డాక్టరు అక్కను చూస్తే తోబుట్టువులను కూడా తీసుకురమ్మంటాడు. నీ భయం అదే. మొదటి ఉత్తరంలోనే ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతారని రాశావు, నాకే అర్థం కాలేదు. ఇంజన్ దించేస్తారని భయం. నాకు నీ మీద కోపం లేదు, నీ స్థానంలో నేనున్నా అలాగే చేసేదాన్నేమో. కానీ అక్క వెనక ఉన్నది మేం కొందరం. నీ వెనక బొగ్గుతో నిండిన బండి. నీ ముందు ఎన్ని ఊళ్లో, ఎన్ని గేట్లో, ఎంతమంది పట్టాలు దాటే మనుషులో.

ఇక్కడ నేను చేతులు కట్టుకుని లేను. పోయిన వారం అక్క ఇంటికి పోయాను. చాయ్ ఇచ్చింది. తన గ్లాసు ఎడమ పక్కన పెట్టుకుని, దాన్ని చేత్తో తగిలించి ఒలకబోసింది. గుడ్డ తెచ్చి తుడుచుకుంది, నేను చూడనట్టు ఉన్నాను. కన్ను అనే మాట నాలుక మీద ఉంది, నోట్లోంచి రాలేదు. "అక్కా, సాగర్ దినం ఒక్కసారి నన్ను ముందట తొక్కనిస్తవా?" అన్నాను, అంతే.

"ఎందుకే? నేనేమన్న సక్కగ తొక్కుతలేనా?" అంది.

"గట్ల గాదక్కా, జర అలవాటైతదని."

"నేను మోచెయ్యి ఆడిస్త గద, అప్పుడు రా. జయపాల్ ఇన్నేండ్లు నా ఎనక తొక్కిండు. నాల ఏమన్న తక్కువుంటె వాడు చెప్తుండె. వాడు నా మొఖం సూసి ఊకునేటోడు గాదు."

నువ్వు ఊరుకున్నావు అన్నా. ఆమె నీ మీద పెట్టుకున్న నమ్మకం మీదే మేమందరం ఆ రోడ్డు మీద తొక్కుతున్నాం.

నువ్వు చెప్పకపోతే సాగర్ రైడ్ రోజు నేనే దాటుతాను. అందరి ముందు. ఆ తర్వాత నన్ను కూడా అక్షయ్‌లా రోడ్డు మీద ఒంటరిగా వదిలేసినా సరే.

నర్మద


బల్లార్షా,
అక్టోబర్ 24

చెల్లె నర్మదకు,

నీ ఉత్తరం చించి పారేశాను. చించినంత మాత్రాన పోలేదు. వంపు వచ్చిన ప్రతిసారీ ఫణి వైపు చూడటం మొదలుపెట్టాను. వాడు నా వైపు చూడటం లేదు, నా వైపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తన వైపు, నా వైపు, రెండూ వాడే చూస్తున్నాడు.

ఒకరోజు బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను. "ఫణీ, ఎప్పట్నుంచి నా కోసం అరుస్తున్నవ్?"

వాడు సిగ్నల్ మీద నుంచి కళ్లు తీయకుండానే, "వదిలేయండి సార్, నేనున్నాను కదా" అన్నాడు.

"రేపు నువ్వు సెలవు వెడితె?"

"పెట్టను సార్."

వాళ్ల చెల్లెలి పెళ్లికి కూడా వాడు సెలవు పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు పోలేదురా అని ఆ రోజుల్లో నేనే వాణ్ణి తిట్టాను కూడా.

బండి అప్పగించి నేరుగా డాక్టరు దగ్గరికి పోయాను. మా బాపుకు నీటికాసులు ఉండేవని మొదటిసారి నా నోటితో చెప్పాను. ఒక డబ్బాలో తల పెట్టించి, చేతికి మీట ఇచ్చారు. చుక్కలా వెలుగు కనిపించినప్పుడల్లా నొక్కాలి. కుడి కంటికి నొక్కుతూ పోయాను. ఎడమ కంటికి మార్చారు. నడుమ రెండు మూడు చుక్కలు కనిపించాయి, మిగతావి ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికో పరీక్ష చేసే ఆమె వచ్చి, అయిపోయింది, లేవండి అంది.

ఇంజన్ దించేశారు. ఆఫీసులో ఏదో ఒక కుర్చీ ఇస్తారట. చిన్నప్పటినుంచి నాకు వేరే కోరిక లేదు నర్మదా. సంచి తెచ్చుకోవడానికి ఇంజన్ ఎక్కనివ్వమంటే ఎక్కనిచ్చారు. దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాను. ఫణి కూడా ఏడ్చాడు. పోయిన చూపు తిరిగి రాదు, కళ్లలో చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలబడుతుందన్నారు. మొదట్లోనే వచ్చి ఉంటే ఇంకా చాలా మిగిలేది.

నిన్న అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. అంతా విని, "ఇంజన్ దిగినవా?" అంది.

"దిగిన అక్కా. నువ్వు గూడ దిగాలె."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. ఆమె కోపంగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో నాకే తెలియదు. సాగర్ రైడ్ వారంలోనే నన్ను వైద్య పరీక్షకు మళ్లీ రమ్మన్నారు, నేను రాలేను. ఆమె రాకపోవచ్చు. వచ్చి ఎప్పటిలా ముందు నిలబడినా నిలబడవచ్చు. అదే జరిగితే నువ్వు దాటు. నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. దాటు.

నీ అన్న,
జయపాల్


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 3

అన్నా,

నువ్వు అక్కడ కూర్చుని ఏమైందోనని కొట్టుకుంటుంటావు. ముందు ఇది విను. ఎవరూ పడలేదు. అందరం క్షేమంగా ఇంటికి వచ్చాం.

నిన్న తెల్లవారుజామున బస్టాండు దగ్గర అందరం చేరాం. కాలేజీ పిల్లలు కొత్త హెల్మెట్లు పెట్టుకుని ఒకటే ఫోటోలు. మంజుల ఇంకా తొక్కడం లేదు కాబట్టి నీళ్ల డబ్బాలు, ట్యూబులు పెట్టిన వ్యానులో వచ్చింది. అక్క జాడ లేదు. ఇక రాదులే అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. సైకిల్ తోసుకుంటూ వచ్చి, ఎప్పటిలాగే అందరికంటే ముందు నిలబడింది.

ఆమె వెనక నా స్థానంలో నిలబడ్డాను. చెరువు కట్ట దాటాక రోడ్డు వెడల్పు అవుతుంది, అక్కడ దాటాలని అనుకున్నాను. ఐలేష్ వెనకనుంచి "అక్కా, ఏం జేద్దాం?" అని గుసగుసగా అడుగుతున్నాడు.

అక్క ఒక కాలు పెడల్ మీద పెట్టింది. మళ్లీ తీసింది. సైకిల్ దిగి దాన్ని అక్కడే రోడ్డు మీద పండబెట్టి మా వైపు తిరిగింది.

"నాకు ఎడమ దిక్కు కనవడ్తలేదు. శుక్రవారం అమ్మను తోలుకొని దవాఖానకు వొయ్యొచ్చిన. మా బాపుకున్న రోగమే. ఇగ ముందట తొక్కద్దన్నరు" అంది. మామూలుగా, బడిలో హాజరు పిలిచినట్టు చెప్పింది. "గిది మీల ఎవలెవలికి ఎరుక? చేతులెత్తుండ్రి."

ఐలేష్ మొదట ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరూ. కొత్త పిల్లలు తప్ప అందరూ. ఆమె ఎడమవైపు ఉన్నవాళ్లను చూడటానికి తలను పూర్తిగా తిప్పి చూసింది అన్నా. ఇన్నాళ్లూ మా ముందు అలా తిప్పలేదు. వ్యాను దగ్గర మంజుల బాగున్న చెయ్యి ఎత్తింది.

"మంజులా, నువ్వు గూడనా? వడ్డనాడు తప్పు నాదే అంటివి గదనే?"

"నీకెట్ల చెప్తమక్కా? ముందటున్నోళ్లకు చెప్పద్దు గద" అంది మంజుల.

"చెప్పద్దని సస్తరా? గా పాలాయినె సస్తె? గీ పిల్లలల్ల ఒకరు సస్తె నేనేం మొఖం వెట్టుకొని బతుకుదును? నా మర్యాద కాపాడిండ్రా మీరు?"

అప్పుడు నా వైపు తిరిగింది. నేనింకా చెయ్యి ఎత్తే ఉంచాను, దించాలని తోచలేదు.

"నర్మదా, మా తమ్మునికి పానమసుంటిది ఆ ఇంజన్. గది ఇడిసిపెట్టి నాకు చెప్పిండు. నా ఇంటికొచ్చి చాయ్ దాగినవ్. నా చాయ్ ఒలికింది సూసినవ్. నాకు చెప్తె నీకేం వోతుండె?"

అందరూ వింటున్నారు. నాకేం పోతుంది అన్నా? ఇంజన్ లేదు, కొలువుకు గండం లేదు. ఆమె తిడుతుందని భయం, నా రెండో స్థానం పోతుందని భయం, అంతే. ఆపాటి భయానికి మంజుల ఎముక విరిగింది. నీకు మాత్రం గట్టిగట్టిగా ఉత్తరాలు రాశాను.

"ఏం పోకపోతుండె అక్కా" అన్నాను.

"మరి ఇంకేంది సూస్తున్నవ్? ముందుకు వో" అంది.

పోయాను. ఆమె వ్యాను ఎక్కి మంజుల పక్కన కూర్చుంది. సాగర్ దాకా ప్రతి గుంతకూ చెయ్యి చూపించాను, లేని గుంతలకు కూడా చూపించానని పిల్లలు నవ్వారు. డ్యాం దగ్గర అక్క అందరికీ పులిహోర పంచింది. నాకు మంజుల చేత పంపింది.

అక్క నాతో ఇంకా మాట్లాడటం లేదు. పొద్దున ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం ఇంటికే పోతాను. తిడితే తిట్టనీ.

నీ చెల్లె,
నర్మద